రెండంగుళాల వార్త

“పిల్లి వార్త వేసింది మీరేనా?”

సాయంకాలం వెలువడే పత్రిక ఆఫీసులో సబ్ ఎడిటర్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఒకమ్మాయి. మెడలో టేపు, చేతిలో నిన్నటి పేపరు. వీధి చివర టైలరింగ్ షాపులో చొక్కాలు కుట్టే అమ్మాయే.

“తప్పిపోయిన పిల్లి తిరిగి ఇల్లు చేరిందని వేశారు కదా. లోకంలో ఇన్ని వార్తలుండగా అదే ఎందుకు వేశారు?”

“పేజీ కింద రెండంగుళాలు ఖాళీ మిగిలిందండీ. పిల్లి సరిగ్గా పట్టింది.”

“అలా అని మీరనుకుంటున్నారు. అది నాకోసం వచ్చింది.”

తిక్క మనిషేమో అనుకున్నాడు మహానుభావుడు. కుర్చీ మాత్రం తనే లాగి వేశాడు. ఆ కళ్ళు అలాంటివి మరి, ఏం చేస్తాడు!

కూర్చుని చెప్పింది. అన్నయ్య ఇసుక పడవ మీద పనికి వెళ్ళాడు. వరదొచ్చింది. పడవ దొరికింది, అన్నయ్య దొరకలేదు. అన్నయ్య వెళ్ళిన పొద్దున తొందరలో నీలం దారం కనపడక, చొక్కా కింది బొత్తాం ఎర్రదారంతో కుట్టి పంపింది. “దర్జీ చెల్లెలుండి ఇదేం ఖర్మే అని నవ్వుతూ వెళ్ళాడండీ.”

అప్పటినుంచీ ఆమెకు పేపర్లో ప్రతి వార్తా అన్నయ్య కబురే. ఆగిన రైలు కదిలితే అన్నయ్య బయల్దేరినట్టు. వంతెన కూలితే ఆ పూట అన్నం ముట్టదు. ఇంట్లో అమ్మ కూడా కూతురు చదివి చెప్పేదాకా మంచం దిగదు.

రోజూ వచ్చేది. “ఇవాళేంటి, నాలుగులైన్ల బాబూ?” అనేది. చిన్న చిన్న వార్తలు వేస్తాడని అతనికి ఆ పేరు పెట్టింది తనే. అతనూ ఊరుకోకుండా, “మీ జాతకం ఇంకా ప్రింటవలేదు, కూర్చోండి” అనేవాడు. ఆమె నవ్వితే ఆ పూటంతా తప్పులు దిద్దడం మర్చిపోయేవాడు.

చివరికి ఎడిటర్ గారే పట్టుకున్నారు. “ఏమయ్యా, మన పేపర్లో రోజూ ఏదో ఒకటి తిరిగొస్తోందేంటి? నిన్న పావురం, మొన్న ఉంగరం. లోకంలో ఏదీ పోవట్లేదా?”

“ఖాళీకి సరిపోయాయి సార్” అన్నాడు అమాయకంగా.

ఒక వానపొద్దున ఆ వార్త వచ్చింది. నది దిగువన గుర్తుతెలియని యువకుడి మృతదేహం. నీలం చొక్కా, కింది బొత్తాం ఎర్రదారంతో కుట్టి ఉంది. రేపటిలోగా బంధువులు రాకపోతే ఆస్పత్రివాళ్ళే అంత్యక్రియలు జరిపిస్తారు.

“సరిగ్గా రెండంగుళాలుంది, వేసెయ్” అన్నారు ఎడిటర్ గారు.

అతను ఆ కాగితం జేబులో పెట్టుకుని, పేపరు అచ్చయ్యేలోపే వానలో టైలరింగ్ షాపుకి పరుగెత్తాడు.

ఆమె మిషను ఆపి, తడిసిన కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. “ఇందులో ఏం లేదండీ. మామూలు వార్త” అని తిరిగిచ్చేసింది.

పిల్లిలో అన్నయ్యని చూసిన మనిషి!

“ఎర్రదారం అని ఉంది” అన్నాడు.

“ఎర్రదారం ఎవరింట్లో ఉండదు? ఖాళీ నింపడానికి వేస్తామని మీరేగా అన్నారు! పావురం కూడా తిరిగొచ్చింది కదా?”

“పావురాన్ని నేనే ఏరి పెట్టాను. ఉంగరం కూడా. పిల్లి ఒక్కటే దానంతటది వచ్చింది. మిగతావన్నీ నేనే వెతికి వేశాను.”

“ఎందుకు?”

“మీరు అన్నం తినాలని. మర్నాడు మళ్ళీ రావాలని. మీరు రాని రోజు నాకు ఆఫీసులో ఊపిరాడదు.” ఆగాడు. “ఇది మాత్రం నేను ఏరింది కాదు. రేపు దాటితే మీ అన్నయ్యని ఎవరూ లేనివాడిలా సాగనంపేస్తారు.”

చెంప ఛెళ్ళుమంది. కొట్టిన చెయ్యి అలాగే అతని చొక్కా పట్టుకుంది. మిషను మీద తల పెట్టి, పక్క షాపువాళ్ళు బయటికొచ్చేంతగా ఏడ్చింది. అతను కదల్లేదు.

చాలాసేపటికి ఆమె లేచి కళ్ళు తుడుచుకుంది. షట్టరు సగం దించి వదిలేసింది. మిగతాది అతను దించాడు.

“అమ్మకి నేనొక్కదాన్నే చెప్పలేను. ముందు అన్నయ్యని తెచ్చుకోవాలి.” వానలోకి అడుగేసి ఆగి, వెనక్కి తిరిగింది. “నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది. ఎక్కడికీ పోకు.”

“పోను” అన్నాడు.