తెర చివర కనిపించని అక్షరం

"సునీల్, ఈ ఫైల్లో ఎవరో ఉన్నారు," అంది నిషిత.

"ఎవరుంటరు మేడమ్? మందు పేరుంటది, ఎక్స్‌పైరీ డేట్ ఉంటది."

"వెటకారం వద్దు. ఇటు చూడండి."

పాశమైలారం మందుల ఫ్యాక్టరీ మీద మబ్బు పట్టి, మధ్యాహ్నానికే గదిలో చీకటి కమ్మింది. ఇరాన్‌కు వెళ్లే మందుల పెట్టెల మీద వేసే ఫార్సీ మాటలను సునీల్‌కుమార్ కంప్యూటర్‌లో పేరుస్తాడు. క్వాలిటీ విభాగం నుంచి నిషిత వచ్చి సరిచూస్తుంది. ఇద్దరికీ ఆ భాష రాదు. అందుకే కీబోర్డు మీది బాణం మీట నొక్కుతూ, కర్సర్‌ను ఒక్కో అక్షరం దాటిస్తూ అసలు ప్రతితో పోల్చుకుంటారు.

నిషిత మీట నొక్కింది. చివరి అక్షరం దాటింది. మళ్లీ నొక్కింది. కర్సర్ కదల్లేదు. ఇంకోసారి. కదల్లేదు. చాలాసార్లు నొక్కాక గానీ కింది వరుసకు దిగలేదు.

"ఇక్కడ ఏమీ లేదు. అయినా దేన్నో దాటుతోంది. రోజురోజుకీ పెరుగుతోంది కూడా," అంది మెల్లగా.

సునీల్ స్టాప్లర్‌ను సర్దాడు. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ స్టాప్లర్‌కు పని పడుతుంది.

"గా కనిపించనిది కూడా అక్షరమే మేడమ్. కంప్యూటర్ లోపట ఒక్కోదానికి ఒక్కో నంబరు, దేనికదే ఒంటరిగుంటది. తెర మీదికొచ్చినంకనే పక్కదాని చెయ్యి పట్టుకుంటది. కొన్ని మాటలల్ల పట్టుకోవద్దంటే నడుమ గిసొంటిది పెట్టాలె. నంబరుంటది, రూపముండదు."

"మధ్యలో అయితే సరే. అన్నీ అయిపోయాక చివర్న ఎవరిని విడదీస్తున్నట్టు?"

సునీల్ మళ్లీ స్టాప్లర్‌ను సర్దాడు.

"ప్రూఫ్ కాపీ కాబట్టి ఊరుకుంటున్నా. సోమవారం నుంచి నేను బొల్లారం యూనిట్‌కి. ఈలోపే ఆ దయ్యం ఎవరో తేలాలి," అని నిషిత వెళ్లిపోయింది.

సోమవారం అన్న మాట అతని గుండెలో పడింది. ఆమె వెళ్లిపోతే ఇక చెప్పడానికి ఎవరుంటారు?

సాయంత్రం షిఫ్ట్ మారేవేళ వాన జోరందుకుంది. ట్యూబ్‌లైట్ ఆరి వెలిగింది. సునీల్ ప్రూఫ్ తెరిచి చివరికి వెళ్లాడు. మీట మీద పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది.

ఎప్పుడూ ముడుచుకుని ఉండే చివరి అక్షరం ఇవాళ చేయి చాచి ఉంది. పక్కన ఏ అక్షరమూ లేదు. ఫార్సీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఎడమవైపున్నది నిషిత ఖాళీ కుర్చీ.

అతను దాన్ని ముట్టుకోలేదు. కుర్చీని వెనక్కి జరిపాడు.

"భయపడ్డారా?"

వెనక తడిసిన గొడుగుతో నిషిత నిలబడి ఉంది.

"గిది నేను పెట్టలె మేడమ్."

"మరి మిగతావి?"

ఈసారి చేతికి స్టాప్లర్ అందలేదు.

"మీతోని ఒక మాట చెప్దామని రోజూ అనుకుంట. నోరు పెగలని దినమల్లా గా రూపం లేనిదొకటి పెట్టి పోతున్న," అన్నాడు తల వంచుకుని.

"విడదీసేది ఉన్నప్పుడు కలిపేది ఉండదా అని వెతికాను. ఉంది. దానికీ రూపం లేదు. అది పెడితే పక్కన ఎవరూ లేకపోయినా అక్షరం చేయి చాస్తుంది." నిషిత కుర్చీలో కూర్చుంది. "నేనే పెట్టాను. ఇప్పుడైనా చెప్తారా, ఇవాళ కూడా మీట నొక్కి ఊరుకుంటారా?"

"మీరంటే నాకు ప్రేమ. బొల్లారం పోయినా, యాడికి పోయినా."

"మేడమ్ అనలేదు, సంతోషం," అని నవ్వింది. ఆ నవ్వుతోనే ఆ కనిపించని అక్షరాలన్నీ చెరపడం మొదలుపెట్టింది. అతనివి పోయాయి. ఆమెది పోయింది. అక్షరం మళ్లీ ముడుచుకుంది.

అంతా అయిందని బాణం మీట నొక్కింది. కర్సర్ కదల్లేదు.

"ఇదొకటి మిగిలింది. మీదేనా?"

"నాది కాదు. మీదా?"

"కాదు."

ట్యూబ్‌లైట్ మళ్లీ ఆరింది. ఆ చీకట్లో ఎవరి చేయి ముందు కదిలిందో తెలియదు. కంపెనీ బస్సు హారన్ కొడుతూనే ఉంది, ఇద్దరూ చేయి వదల్లేదు.