పగలని అంచు

కంప్యూటర్ తెర మీద తిరుగుతున్న పుర్రెలో ఎడమ కంటి గూటి అడుగు పగిలి ఉంది. పై పలువరసలో సగం విరిగిన ముందు పన్ను కూడా కనిపించేసరికి కళ్యాణి బొమ్మను తిప్పడం ఆపేసింది.

ఆ పంటి నవ్వు ఆమెకు తెలుసు. ఫైల్ మీద పేరు చూసింది. మధు. ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్.

ఆదివారం ఇంటికొచ్చి అన్నయ్యతో తమ పెళ్లి మాట మాట్లాడతానన్నవాడు రాలేదు. ఫోనెత్తలేదు. ‘ఇగ రాకు’ అని కోపంగా మెసేజ్ కూడా పెట్టేసింది.

స్కాన్ చూసి త్రీడీ ప్రింటర్ మీద ఎముకల నమూనాలు అచ్చు తీయడం గగన్‌పహాడ్ వర్క్‌షాపులో ఆమె ఉద్యోగం. ఈసారి రెండు తీసింది. ఒకటి పగిలింది పగిలినట్టే. రెండోదానిలో బాగున్న కుడి గూటిని అద్దంలోలా తిప్పి ఎడమవైపు అమర్చింది. పగిలిన అడుగు కింద ఆనించే టైటానియం జాలీని డాక్టర్ దాని మీదే ముందుగా వంచి పెట్టుకుంటాడు. కొలత కాస్త తప్పినా మధుకు జన్మంతా ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఇక స్టీరింగ్ పట్టలేడు.

మర్నాడు పొద్దున వానలో, నమూనాలు ఇచ్చి రావడానికి, అన్న రవీందర్ ఆమెను బండి మీద శంషాబాద్ దవాఖానకు తెచ్చాడు. రోగి ఎవరో ఆమె చెప్పలేదు. రవీందర్ కుడి చేతి వేళ్లకు పట్టీ ఉంది. ఆదివారం షట్టర్ కింద నలిగాయన్నాడు.

మధు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను వాచి నల్లబడింది.

"నేను కనిపిస్తున్ననా?"

"ఇద్దరు కళ్యాణిలు కనిపిస్తున్నరు. ఒక్కదానితోనే పరేషాన్ అయితుంటి."

"నవ్వకు. ఎట్ల తగిలింది?"

"లగేజి తీస్తుంటే ట్రాలీ కొట్టుకుంది."

ఆమె పగిలిన నమూనాను అతని ఒళ్లో పెట్టింది.

"అబద్ధం. ట్రాలీ కమ్మి తగిలితే ముందుగాల గూటి ముందున్న ఈ అంచు విరగాలె. దీనికి గీత గూడ లేదు. అడుగొక్కటే కూలింది. బంతన్న తగలాలె, పిడికిలన్న తగలాలె. డాక్టర్ సాబ్ గూడ గదే అన్నడు. ఎవరు కొట్టిండ్రు?"

"ఇడిసిపెట్టు, కళ్యాణి."

"పోలీసులకు చెప్త."

"వద్దు! నీకు దండం పెడత!"

అతని మంచి కన్ను ఆమె భుజం మీదుగా తలుపు వైపు వెళ్లి, వెంటనే కిందికి వాలిపోయింది.

కళ్యాణి తిరిగి చూసింది. గుమ్మంలో రవీందర్. పట్టీ ఉన్న చేతిని జేబులో దాచుకుంటున్నాడు.

మధు ఒళ్లోంచి నమూనా తీసుకుంది. అన్న జేబులోంచి ఆ చేతిని బయటికి లాగి అందులోనే పెట్టింది. దిగుతున్న విమానం మోతకు కిటికీ అద్దాలు అదిరాయి. రవీందర్ కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే కొట్టిన, చెల్లే. మిఠాయి డబ్బ పట్టుకొని మనింటికే వస్తుండె. గల్లీ మొదట్ల ఆపిన. మా చెల్లెను మరిచిపో అన్న. ‘గట్లెట్ల బావా’ అని నవ్విండు. బావా అన్నందుకే గుద్దిన. బొక్క పగిలిందని నాకు తెల్వదు. నా పేరు చెప్పకుంట గిన్ని దినాలు నొప్పి పడ్డడని గూడ తెల్వదు. మధూ, ఆపరేషనయ్యి కన్ను బాగైనంక మా ఇంటికి రా. అప్పుడు నన్ను బావా అనకుంటె మాత్రం ఊకోను."