రెండు చుట్లు

జలాపుట్ రిజర్వాయర్‌లో తొలిసారి తెరచాప పడవెక్కిన రోజే సూర్యప్రకాష్ వెళ్లి నేషనల్ చాంపియన్ పడవను గుద్దేశాడు.

"కళ్లు ఎటు సూస్తన్నాయండీ?" అంది ధనశ్రీ, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ.

"మీవైపే. అందుకే తగిలింది."

ఆమె నవ్వు ఆపుకుంది. "తప్పు మీది. పడవని రెండు సుట్లు తిప్పండి."

"ఎవరూ చూళ్లేదు కదా!"

"మా ఆటలో విజిల్ ఊదీవోడు ఉండడు. తప్పు సేసినోడే ఒప్పుకొని తిరగాల. రేసు పోయినా సరే."

తిప్పబోయి నీళ్లలో పడ్డాడు. అదీ పరిచయం.

అతను మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌కి కొత్తగా వచ్చిన జూనియర్ ఇంజనీర్. ఆమె అక్కడే ఫిట్టర్‌గా రిటైరైన తిరుమలరావు కూతురు. టార్పాలిన్‌తో ఆమె మొదటి తెరచాప కుట్టింది ఆ తండ్రే. ఇప్పుడామెకి చెన్నైలో శిక్షణ, సెలవులకి ఇంటికొచ్చింది.

సెలవంతా అతనికి పడవ నేర్పింది. నీటి ముడతలు చూసి గాలి పోకడ పసిగట్టడం అతనికి అబ్బలేదు. ఆమె ముఖం చూసి పసిగట్టడం మాత్రం అబ్బింది.

పెళ్లిమాటలకి గుణుపూర్ నుంచి అతని తల్లి అమ్మన్నమ్మ ధనశ్రీ ఇంటికి వచ్చింది. "పెళ్లయ్యాక కూడా ఈ పడవలేనేటి?" అని అడిగింది.

ధనశ్రీ నోరు తెరిచేలోగా సూర్యప్రకాష్ అనేశాడు. "మానేస్తాదిలే అమ్మా."

ఆ పూట గడిస్తే చాలని తేలిగ్గా అన్న మాట. ధనశ్రీ టీ కప్పు కింద పెట్టింది. "నా బదులు నువ్వు సెప్పకు" అని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడే ఆమె ప్రయాణం, ఆసియా పోటీల సెలక్షన్‌కి.

పొద్దున్నే సన్నటి జల్లులో చివరి ప్రాక్టీస్ చేస్తోంది. వెనక నుంచి ఇంకో పడవ ఊగుతూ వచ్చింది. ఆమె చూడనట్టే సాగిపోయింది.

"ధనా! అమ్మకి సెప్పేశాను, నువ్వు మానవని. ఆ మాట నా తప్పని." పడవ కష్టం మీద ఒక చుట్టు తిరిగింది. "రెండోది నీకు. నువ్వు గెలిసి రా. గెలవకపోయినా రా. నువ్వంటే నాకు..."

తెరచాప అడ్డం తిరిగింది. ఇంజనీరుగారు నీళ్లలో ఉన్నారు.

గట్టు మీద గొడుగు కింద అమ్మన్నమ్మ కేకేసింది. "ఒరే, ఏట్రా ఆ గింగిరాలు! అమ్మీ, ఆడు మునిగిపోకముందే ఒప్పేసుకోయే! నీ పడవలు నువ్వు తిప్పుకో, నానేటీ అనను!"

ధనశ్రీ వెనక్కి చూసింది. లైఫ్‌జాకెట్‌లో తేలుతూ, పడవ అంచు పట్టుకుని అతను దగ్గుతున్నాడు.

"రెండో సుట్టు సగమే అయింది."

"ఎక్కి పూర్తిచేస్తాను. ఆగుతావా?"

రేసులో ఎవరి కోసమూ ఆగని అమ్మాయి చేతిలోని తాడు వదిలేసింది. తెరచాప రెపరెపలాడింది. పడవ నీటి మీద నిలిచింది.

"కానియ్యి, తొందరగా" అంది. "జీపు తొమ్మిదింటికి."