నల్లబడని రేణువు

మా మైక్రోస్కోప్ గదికి కిటికీలు లేవు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో చీకటే. మోరిస్‌విల్‌లో ఎండ ఎలా కాస్తుందో మర్చిపోయేంత కాలంగా నేనక్కడ కూర్చుని రాళ్ల ఫొటోలు చూస్తున్నాను. కంప్యూటర్ ఒక ఖనిజానికి పేరు పెడుతుంది, అది నిజమో కాదో నేను తేలుస్తాను. అరుదైనది అనిపిస్తే మా సీనియర్ ఛాయాదేవి గారు విడిగా చూసి తన మాట చెబుతారు. ఇద్దరి మాటా కలిస్తేనే లెక్క.

ఆ రోజు వచ్చింది రాయి ఫొటో కాదు. మనిషి ఊపిరితిత్తి ముక్క. అందులో ఇరుక్కున్న దుమ్ము ఏమిటో చెప్పమని హాస్పిటల్ వాళ్లు పంపారు. పేషెంట్ పేరు లేదు. నాకు అక్కర్లేదు కూడా. పోయిన వారమే అలాంటి ముక్క మా ఆయన అక్షయ్ నుంచి తీశారు.

అక్షయ్ మా ల్యాబ్‌లోనే రాళ్లని పల్చటి పొరలుగా కోసి గాజు స్లైడ్ల మీద అంటిస్తాడు. చలికాలంలో ఏదో పాత గని నుంచి ఒక నల్లరాయి వచ్చింది. నీళ్లు తగిలితే కరిగిపోయే రకం కాబట్టి పొడిగానే కోశాడు. మాస్క్ పెట్టుకున్నాడు, ఆ బుద్ధి ఉంది. కోటు మాత్రం దులుపుకోకుండా ఇంటికొచ్చేవాడు. మా ఆద్యకి మూడేళ్లు. నాన్న రాగానే ఎదురెళ్లి ఆ కోటుకే ముఖం రుద్దేది. అప్పుడది ముద్దుగానే ఉండేది.

మామూలు ఇసుక ధూళి అయితే మందులతో నెట్టుకురావచ్చని డాక్టర్ అన్నారు. దేవుడా, ఇసుకే అవ్వాలి అనుకుంటూ ఫొటోలు తెరిచాను.

గులాబీ కండ మధ్య నక్షత్రంలాంటి రేణువు. ఒక మొన విరిగి ఉంది. ప్రత్యేకమైన వెలుతురులో పెట్టి కొంచెం కొంచెం తిప్పుతూ తీసిన ఫొటోలవి. అలా తిప్పితే ఏ రేణువైనా ఎక్కడో ఒకచోట నల్లబడాలి. ఇది ఒక్క ఫొటోలోనూ నల్లబడలేదు. అలాంటిది నా జన్మలో ఒక్కటే చూశాను, ఆ నల్లరాయిలో. దానికీ ఒక మొన విరిగే ఉంది.

ఛాయాదేవి గారు వచ్చి చూశారు. విరిగిన మొన దగ్గర ఫొటోని పెద్దది చేశారు.

"దేదీప్యా, ఇది అదే రకం కాదమ్మా," అన్నారు గుసగుసగా. "అదే రేణువు."

"ఎలా అవుతుందండీ? ఆ నల్లరాయి స్లైడ్ మన కప్‌బోర్డ్‌లో లాక్ చేసి ఉంది కదా!"

"తీసి చెక్ చెయ్యి. నేను డాక్టర్‌కి కాల్ చేస్తాను." నా ముఖం చూడకుండా వెళ్లిపోయారు.

స్లైడ్ తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి లైట్ వేశాను. గదిలో ఏదో వాసన వచ్చింది. వెచ్చగా, తడిగా, మందుల కంపు కలిసి... రోజూ నా పక్క దిండు మీద వచ్చే ఊపిరి వాసన.

మైక్రోస్కోప్‌లోకి చూశాను. నక్షత్రం లేదు. అది ఉండాల్సిన చోట, నల్లరాతి మధ్య, గులాబీ రంగు మచ్చ ఉంది.

మచ్చ ఉబ్బింది. అణిగింది. మళ్లీ ఉబ్బింది...

భయంతో లైట్ ఆపేశాను. వెంటనే ఫోన్ మోగింది. ఇంటి నుంచి అక్షయ్.

"దీపూ... ఊపిరి... అందట్లేదు..."

నా వేలు దానంతటదే స్విచ్ నొక్కింది. లైట్ వెలిగింది. ఫోన్‌లో పొడుగ్గా గాలి పీల్చుకున్న శబ్దం.

"హా... ఇప్పుడు ఓకే. సడన్‌గా ఎవరో నోరు మూసేసినట్టు అయింది. త్వరగా వచ్చేయ్, ప్లీజ్."

"వస్తా," అన్నాను. ఎలా వెళ్తాను? ఇంకొక్కసారి లైట్ ఆపి, నిజమేనా అని చూస్తే అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ మైక్రోస్కోప్ బల్బులు ఎక్కువ కాలం రావు. తిట్టుకుంటూ అక్షయే మారుస్తుంటాడు. దీని గాజు అప్పటికే మసిబారింది. మార్చాలంటే ఆపాలి.

అప్పుడు కనిపించింది, స్లైడ్ అంచున ఇంకో మచ్చ. చాలా చిన్నది. గబగబా ఉబ్బుతోంది, అణుగుతోంది.

ఇది నా ఊపిరే. నాదే కావాలి... ఊపిరి బిగబట్టి చూశాను.

అది ఆగలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. డేకేర్ నుంచి. ఆద్య బాగా దగ్గుతోందట, వచ్చి పికప్ చేసుకోమన్నారు. వెనకాల నా బంగారు తల్లి దగ్గు వినబడుతోంది.

వస్తున్నానని చెప్పబోయాను. బల్బు ఒకసారి మినుకుమంది.

ఫోన్‌లో దగ్గు ఆగిపోయింది...