గోత్రనామాల్లో లేని పేరు

కార్తీక సోమవారం. వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, తడి చేతులు కొంగుకి తుడుచుకున్న రాజేశ్వరి కొడుకుని ఎత్తుకొచ్చి వీధి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టింది. పిల్లవాడు పక్కకి ఒరిగిపోకుండా ఆ కుర్చీకి రెండు వైపులా చెక్కలు కొట్టించింది. మెడ వెనక్కి కొబ్బరిపీచు దిండు కుట్టింది. నడుము చుట్టూ మెత్తటి పాత పంచె ముక్క కట్టి, ముడి వదులుగా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది.

"ఈవేళ కూడానా?" గుమ్మంలోంచి అత్తగారు వెంకటరమణమ్మ గొంతు తగ్గించి అడిగారు.

"ఈవేళ కూడానే, అత్తయ్యగారూ."

"రామావధానీ వాళ్ళూ రాజమండ్రి నించి మొదటి బస్సుకే వచ్చేస్తారుటే. మీ మామయ్యగారి శిష్యులంతా కలిసి అభిషేకం చేయిస్తున్నారాయె. ఈ ఒక్క పూటా పెరటి గదిలో పడుకోబెడితే నీ సొమ్మేం పోయింది?"

"ఏడేళ్ళ నించీ ఒక్క పూటే అంటున్నారండీ. వాడి బతుకంతా ఆ ఒక్క పూటలోనే వెళ్ళిపోయేట్టుంది."

వెంకటరమణమ్మ ఇంకేదో అనబోయి, మడి చీర సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడకి కోడలితో వాదించే ఓపికా లేదు, మొగుడికి ఎదురు చెప్పే అలవాటూ లేదు. మధ్యలో నలిగిపోవడం ఒక్కటే బాగా వచ్చు.

కొత్తపేట దగ్గర ఆ అగ్రహారంలో రాజేశ్వరి మామగారు కాశీవిశ్వనాథం ఘనపాఠిగారంటే పెద్దపేరు. ఆ అరుగు మీద కూర్చుని వేదం నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. కొడుకు సత్యనారాయణమూర్తికి మాత్రం వేదం అబ్బలేదు. హైస్కూల్లో లెక్కల మాస్టారయ్యాడు. క్లాసులో అతని గొంతు పక్క ఊరికి వినబడుతుంది. ఇంటికొచ్చాక ఆ గొంతు చొక్కాతో పాటు కొంకికి తగిలించేస్తాడేమోనని రాజేశ్వరి అనుమానం.

మనవడు పుట్టినప్పుడు ఘనపాఠిగారి సంతోషం ఇంతా అంతా కాదు. తన తండ్రి సోమయాజులుగారి పేరే పెట్టుకున్నారు. "మా నాన్నగారు మళ్ళీ వచ్చేరు" అని వీధి వీధంతా చెప్పుకున్నారు. ఉయ్యాల మీదకి వంగి, చేతులు కట్టుకుని, "నాన్నగారూ, స్నానమైందాండీ? పాలు పుచ్చుకున్నారా?" అని అడిగేవారు. అంత పెద్ద పండితుడు అలా నిలబడితే ఇల్లంతా నవ్వేది.

పిల్లవాడికి మెడ నిలబడలేదు. నడక రాలేదు, మాట రాలేదు. కాకినాడ ఆసుపత్రిలో డాక్టరుగారు చాలాసేపు చూసి, పుట్టినప్పుడు మెదడుకి దెబ్బ తగిలిందనీ, దాన్ని పూర్తిగా మాన్పే మందు లేదనీ చెప్పారు. "కానీ పిల్లాడికి అన్నీ తెలుస్తున్నాయమ్మా. రోజూ కాళ్ళూ చేతులూ ఆడించండి, కూర్చోబెట్టండి, మాట్లాడండి. నలుగురి మధ్యా ఉంచండి. ఇలాంటి పిల్లలున్న తల్లులు మీ చుట్టుపక్కల ఉంటారు, వెతకండి. ఒక్కరే మోయలేరు" అన్నారు.

రాజేశ్వరి ఆ మాటలన్నీ ఇంటికి తెచ్చింది. మామగారు మాత్రం మందు లేదన్న మాటొక్కటే పట్టుకున్నారు. ఆ రోజుతో "నాన్నగారూ" ఆగిపోయింది. పిల్లవాడు "వాడు" అయ్యాడు. వాడి పక్క పెరటి గదిలోకి మారింది. ఇంట్లో ఏ పూజ జరిగినా గోత్రనామాల్లో వాడి పేరు వినబడటం మానేసింది. మొదటిసారి మరిచిపోయారనుకుంది రాజేశ్వరి. రెండోసారి తలెత్తి ఆయన మొహం చూసింది. అది మరుపు కాదని అప్పుడు తెలిసింది.

భూలక్ష్మి ఆవిడకి కాకినాడ బస్సులోనే దొరికింది. మొగుడు కువైట్‌లో తాపీపని. కూతురు రత్నానికి మూర్ఛలు. ఇద్దరి చేతుల్లోనూ అదే ఆసుపత్రి చీటీ, ఇద్దరిదీ ఒకటే ఏడుపు. భూలక్ష్మి ద్వారా వీరాయమ్మ తెలిసింది. ఆవిడ తమ్ముడు దొరబాబు గల్ఫ్ నించి మనసు చెదిరి తిరిగొచ్చాడు. గాలి సోకిందని ఇంట్లోవాళ్ళు వాణ్ణి పాకలో గుంజకి కట్టేస్తే, వీరాయమ్మే కట్లు విప్పి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకపోయినా, ఇంత పీచు ఇస్తే చక్కగా తాడు పేనుతాడు.

ముగ్గురూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. మధ్యాహ్నాలు పిల్లలిద్దర్నీ, దొరబాబునీ రాజేశ్వరి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాలి. ఆడవాళ్ళలో ఒకరు కాపలా, మిగతా ఇద్దరికీ విశ్రాంతి. మొదటిరోజు భూలక్ష్మి అరుగు చివర తల వాల్చిందో లేదో, నోరు తెరుచుకుని పొద్దువాలే దాకా నిద్రపోయింది. లేచి సిగ్గుపడి, "ఎన్నేళ్ళయిందోనండీ అమ్మగారూ ఇలా పడుకుని! ఇదే కావాలండి బాబూ, ఇంకేం వద్దు" అని కళ్ళు తుడుచుకుంది.

నిన్ననే ఘనపాఠిగారు కబురు చెప్పారు. "నేను వేదం చెప్పిన అరుగది. పిచ్చివాళ్ళకీ అవిటివాళ్ళకీ సత్రం కాదు. ఈవేళ్టితో సరి." ఆ మాట భూలక్ష్మి దాకా వెళ్ళింది. రాజేశ్వరి మాత్రం, "రేపు కూడా వేళకి రండి" అని తిరుగు కబురు పంపింది.

శిష్యులు రానే వచ్చారు. ముందు రామావధాని, వెనక మరో నలుగురు. వాళ్ళ కాళ్ళకి నీళ్ళిద్దామని రాజేశ్వరి చెంబుతో గుమ్మం దాకా వచ్చింది. రామావధాని అరుగు దగ్గర ఆగాడు. కుర్చీలో పిల్లవాడు, శిష్యులకి ఎదురొచ్చిన ఘనపాఠిగారి గొంతు వినగానే తల అటు తిప్పి, చేతులు ఊపుతూ నవ్వుతున్నాడు.

"ఈ అబ్బాయెవరండీ, గురువుగారూ?"

ఘనపాఠిగారు అరుగుకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "మా వీధిలో వాళ్ళ పిల్లాడు. రండి, రండి లోపలికి."

రాజేశ్వరి చెంబు గుమ్మంలోనే పెట్టేసింది. ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ పేరే తీసేశారనుకుంది. ఈవేళ మనిషినే తీసేశారు.

"విన్నారా?" అంది, వెనకాలే నిలబడ్డ మొగుడితో.

"విన్నాను. ఇంతమందిలో ఇప్పుడెందుకు రాజేశ్వరీ? వాళ్ళు వెళ్ళేక నేను మాట్లాడతాను."

"మీరు మాట్లాడేసరికి వాడికి పెళ్ళీడొస్తుంది" అని ఆవిడ లోపలికి నడిచింది.

మండువాలో పీటలు వేశారు. పంచామృతాలు, మారేడు దళాలు, వెండి ధారాపాత్ర అన్నీ సిద్ధం. పీటల మీద పెద్దవాళ్ళిద్దరూ, పక్కన కొడుకూ కోడలూ. రామావధాని ఆచమనం చేయించి, అక్షతలు చేతికిచ్చాడు.

"నామాలు చెప్పండి, గురువుగారూ."

"కౌండిన్యస గోత్రం. కాశీవిశ్వనాథం. ధర్మపత్ని వెంకటరమణమ్మ. కుమారుడు సత్యనారాయణమూర్తి. కోడలు రాజరాజేశ్వరి. అంతే."

"అంతే కాదండీ" అంది రాజేశ్వరి.

శిష్యులు తలలెత్తారు. ఘనపాఠిగారు కోడలి వైపు చూడకుండానే, "పూజ మధ్యలో మాటలేవిటి?" అన్నారు.

"ఇంకా మొదలవలేదు కదండీ. మొదలయ్యాక అడిగితే తప్పంటారనే ఇప్పుడడుగుతున్నాను. రామావధానిగారూ, అరుగు మీద మీరు చూసింది వీధిలో వాళ్ళ పిల్లాణ్ణి కాదు. నా కొడుకుని. మీ గురువుగారి మనవణ్ణి. పేరు సోమయాజులు."

రామావధాని అక్షతల పళ్ళెం కింద పెట్టాడు.

"కోడలా!" ఘనపాఠిగారు ఈసారి ఆవిడ వైపు తిరిగారు. "ఆ పేరెవరిదో తెలుసా నీకు? ఆయన నోరు విప్పితే పండితులు లేచి నిలబడేవారు. ఆ పేరు పెట్టుకుని వీడు... నోట మాట లేనివాడు... నా శిష్యుల ముందు నన్ను..."

"మీరే పెట్టేరండీ ఆ పేరు. నేనడగలేదు. పెట్టిన పేరు వెనక్కి తీసుకునే మంత్రమేదైనా ఉంటే చెప్పండి, నేనే దగ్గరుండి చేయిస్తాను."

"రాజేశ్వరీ!" అన్నాడు మొగుడు.

"ఆగండి. భూలక్ష్మి గుడికెళ్ళి అర్చన చేయిస్తే కూతురి పేరే ముందు చెబుతుంది మామయ్యగారూ. దేవుడి దయ దానికే ఎక్కువ కావాలి కనక. వేదం చదివిన ఇంట్లో వాడి పేరొక్కటే దేవుడికి చెప్పకుండా దాస్తున్నాం. వాడేం తప్పు చేశాడండీ? పొద్దున్న మీ గొంతు వినబడితేనే వాడు పాలు తాగుతాడు. మీరు ఊరెళ్ళిన రోజు గ్లాసు ముట్టడు. వాడికి మీరు తెలుసు. మీకే వాడు తెలీదు." ఆవిడ చేతిలోని అక్షతలు పళ్ళెంలో పోసేసింది. "వాడి పేరు లేని చోట నా పేరూ వద్దు. తీసేయండి."

ఘనపాఠిగారు కొడుకు వైపు చూశారు. సత్యనారాయణమూర్తి తన అక్షతలు కూడా పళ్ళెంలో పోసేశాడు.

"నాది కూడా తీసేయండి." క్లాసులో గొంతు అది. పక్కింటివాళ్ళకి కూడా వినబడింది.

"ఏవిటిది? అందరూ కూడబలుక్కున్నారా?" అని ఘనపాఠిగారు మండిపడ్డారు. "నువ్వైనా చెప్పవే!" అన్నారు భార్యతో.

వెంకటరమణమ్మ ఒక చేత్తో కొంగు చివర నలుపుతూ కూర్చున్నారు. తలెత్తకుండానే అన్నారు. "పెరటి గదిలో వాడికి ముద్దలు పెట్టేది నేనండీ. కారినదంతా తుడుస్తూ పెడతాను. ముద్ద మింగి వాడు నవ్వుతాడు చూడండి, మీరెప్పుడూ చూళ్ళేదు. ఇన్నేళ్ళూ మీ పరువుకి భయపడి నోరెత్తలేదు. పొద్దున్న కూడా వాణ్ణి దాచేయమనే చెప్పేను. నాకు బుద్ధి లేదు." ఆవిడ చేతిలో అక్షతలు కూడా పళ్ళెంలో పడ్డాయి. "రామావధానీ, నా పేరూ కొట్టేయి నాయనా."

ఇక మిగిలింది ఒక్క పేరే. రామావధాని చాలా వినయంగా చేతులు జోడించాడు.

"గురువుగారూ, 'సహకుటుంబానాం' అని చదవాలి కదండీ. మీరు నేర్పిన పాఠమే. ఇప్పుడెలా చదవమంటారు?"

ఘనపాఠిగారి చేతిలో అక్షతలు వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. ఆయన పీట మీంచి లేచారు. లేస్తుంటే కొడుకు పట్టుకోబోయాడు. వద్దని చెయ్యి ఊపి, ఒక్కరే వీధి గుమ్మం దాటి అరుగు మీదకి వెళ్ళారు.

పిల్లవాడు ఆయన్ని చూడగానే కుర్చీలో ఎగిరిపడుతూ నవ్వాడు. చొంగ గడ్డం మీదకి కారింది. ఘనపాఠిగారు వంగారు. అందిన ఉత్తరీయం కొసని వాడు పిడికిట్లో బిగించి వదల్లేదు. ఆయన దాన్ని విడిపించుకోలేదు. అదే ఉత్తరీయంతో, మడి సంగతి మరిచిపోయి, వాడి గడ్డం తుడిచారు. తుడుస్తూనే భోరున ఏడ్చారు. ఆయన ఏడుపు వినడం రాజేశ్వరికి అదే మొదలు.

"వేదంలో ఎక్కడో ఏ స్వరమో తప్పు పలికేననీ, దాని ఫలితమే ఇదనీ అనుకున్నానమ్మా" అన్నారు, గుమ్మంలో నిలబడ్డ కోడలితో. "వీణ్ణి చూస్తే నా తప్పు కనబడేది. అందుకని చూడ్డం మానేశాను."

"తప్పు ఎవరిదీ కాదండీ. డాక్టరుగారు ఆనాడే చెప్పేరు. మీరు వినలేదు."

ఆయన తలూపారు. ఉత్తరీయం పిల్లవాడి పిడికిట్లోనే ఉంది. ముసలాయన రెండు చేతులూ కట్టుకుని, ఉయ్యాల దగ్గర నిలబడినట్టే నిలబడ్డారు.

"నాన్నగారూ... లోపలికి దయచేయండి. మీరు లేకుండానే మొదలుపెట్టేయబోయేం."

సత్యనారాయణమూర్తి ఒక పక్కా, రామావధాని ఒక పక్కా పట్టుకుని కుర్చీని మండువాలోకి మోశారు. ఈసారి గోత్రం తరవాత మొట్టమొదట వినబడిన పేరు సోమయాజులు. 'నమస్తే రుద్ర' అని శిష్యులు నమకం ఎత్తుకుంటే, వాళ్ళ గొంతుల మధ్య వాడి నవ్వు కూడా వినబడుతూనే ఉంది. ఎవరూ వాణ్ణి ఊరుకోమనలేదు.

మధ్యాహ్నం భూలక్ష్మి వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. చంకన రత్నం. వెనకాల వీరాయమ్మా, పీచు మోపు నెత్తిన పెట్టుకున్న దొరబాబూ. నిన్న పెద్దాయన అన్న మాట వాళ్ళకి గుర్తుంది. ఆయనే అరుగు మీద కూర్చుని ఉండటం చూసి కాళ్ళు ముందుకి పడలేదు. శిష్యులంతా ఆయన చుట్టూ ఉన్నారు. రాజేశ్వరి గుమ్మంలోంచి రమ్మని సైగ చేసింది. అయినా కదల్లేదు.

ఘనపాఠిగారే లేచి, పక్కన సోమయాజులు కూర్చున్న కుర్చీ మీద చెయ్యి వేసి, వీధంతా వినబడేట్టు కేకేశారు.

"ఏవమ్మా, అక్కడే నిలబడిపోయేరేం? వేళ దాటిపోతోంది, రండి! ఇక్కడ మా నాన్నగారు మీకోసం ఎదురుచూస్తున్నారు."