ఇంటావిడ అభిప్రాయం

శుక్రవారం కాబట్టి ఆ ఉదయం కాకినాడలో సినిమాలన్నీ మళ్ళీ మారిపోయాయి. ప్రతి గోడకూ అతికించిన వాక్‌గ్రాహి, అంటే జనం చెవిబిళ్ళ అని పిలిచేది, సినిమాల గురించి వారమంతా ఎవరేమన్నా పట్టుకుంటుంది. శుక్రవారానికల్లా తెరయంత్రం ఆ మాటల్ని బట్టి పాత సినిమాను చెరిపేసి, దాని చోట మరుచిత్రం, అంటే మార్చి తీసిన సినిమా, పెడుతుంది. పళ్ళు తోముకుంటూ వాగిన వాగుడు కూడా అభిప్రాయమే. ఇంతకంటే రోత ఇంకేముంటుంది?

నూకరాజు నలభై ఏళ్ళు తెర మీద జారిపడి, చెంపదెబ్బలు తిని జనాన్ని నవ్వించినవాడు. ఏడిపించే వేషం ఒక్కటంటే ఒక్కటే దొరికింది. కూతురి శవాన్ని సైకిల్ మీద ఇంటికి తెచ్చుకునే తండ్రి వేషం. పోయిన వారమే విడుదలైంది. అదొక్కటి నిలిస్తే చాలు, చచ్చేలోపు తననూ నటుడంటారని ఆశపడ్డాడు.

ఇంట్లో తెర పెట్టి చూస్తే ఆ తండ్రి స్థానంలో కండలు తిరిగిన కుర్ర హీరో ఉన్నాడు. శవం లేచి పాట పాడుతోంది.

"ఛీ," అన్నాడు నూకరాజు. గాలికోసం కిందికి దిగాడు.

టీ కొట్టు దగ్గర ఇద్దరు అదే మాట్లాడుకుంటున్నారు.

"మరుచిత్రమే నయంరా. కమెడియన్ ఏడిస్తే మనకి నవ్వొస్తాది."

"నాకు పాతదే నచ్చింది. అయినా మనకెందుకులే," అని రెండోవాడు తల తిప్పి నూకరాజును చూశాడు. "బాబాయ్, ఓ జోకెయ్యండి."

టీ తాగకుండానే ఇంటికొచ్చి చెవిబిళ్ళను నిలదీశాడు. "నన్నెందుకు తీసేశారు?"

"నటుడి ఇంట్లోవారి మాటకు వెయ్యి రెట్ల విలువ. సొంత మనిషిని ఎవరూ ఊరికే కించపరచరు కదా," అంది అది మర్యాదగా. ఆపైన దానిలోంచి, అది పట్టుకున్న అతని భార్య లోవకుమారి గొంతు వినిపించింది: "ఏం నటనలెండి. ఆముదం తాగినట్టు మొహం పెట్టారు. మిమ్మల్ని చూసి పిల్లి కూడా ఏడవదు."

వంటింట్లోంచి లోవకుమారి వచ్చింది. మొహం పాలిపోయింది.

"ఆరోజు సినిమా హాల్లో అందరూ మిమ్మల్ని పొగిడేత్తుంటే భయమేసిందండి. ఇంటిది కూడా పొగిడితే దిష్టి తగలదా? మా అమ్మా మా నాన్నని ఇలాగే అనేది."

"తెలుసు," అన్నాడు నూకరాజు.

నిజంగానే తెలుసు. ఆమె తిట్లలో ఏది కోపమో, ఏది మెప్పో ముప్పై ఏళ్ళుగా తేలిగ్గా పోల్చుకుంటున్నాడు. ఈ దిక్కుమాలిన యంత్రాన్ని చేసినవాళ్ళకు అలాంటి ఇల్లొకటి ఉంటుందని తోచలేదు.

"పాతది తెచ్చిపెట్టు," అన్నాడు గోడకేసి.

"చెరిపినది తిరిగి రాదు. మీ ఇంట్లోంచి మెప్పు అందితే వచ్చే శుక్రవారం మీతో మళ్ళీ చిత్రిస్తాం."

లోవకుమారి కొంగుతో చేతులు తుడుచుకుని అతని ఎదుట నిలబడింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఉన్నమాట ఉన్నట్టు అంది.

"చాలా బాగా చేశారండి. ఆ సైకిల్ తోసుకొత్తుంటే మీరు నా మొగుడన్న సంగతే మర్చిపోయాను. కొంగంతా తడిసిపోయింది."

"అభిప్రాయం అందింది," అంది గోడ.

నూకరాజు గోడ వైపు చూశాడు.

"దానికి చెప్తన్నావా, లోవా?"

"మీకేనండి. ఒట్టు, మీకే."

"అభిప్రాయం అందింది."

అతను ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "తిట్టినన్నాళ్ళూ నీ మాట నమ్మేను," అన్నాడు.