పుంగనూరులో తగ్గిన పాలు

మదనపల్లెలో డిటెక్టివ్ గోపాలస్వామి ఆఫీసు తలుపు తీయకముందే యమున మెట్ల మీద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది.

"మా ఇంటాయన దొంగ గాదప్పా. సాయంత్రం పోలీసులకు పట్టిస్తామంటాండారు."

భర్త మునిరాజ పుంగనూరు పాలకేంద్రంలో పదేళ్లుగా పాలు కొలుస్తున్నాడు. మిగతాది అసిస్టెంటు ఇందు నెమ్మదిగా రాబట్టింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కేంద్రాలు మూడూ యజమాని బాలాజీవే. ఊరు, తేదీ, లీటర్లు ఎటు కావాలంటే అటు తిప్పి చూపే డేటా క్యూబ్ ఒకటి ఈమధ్య కంప్యూటర్లో పెట్టించాడు. జనవరి ఒకటి నుంచి నిన్న, మార్చి ఇరవై తొమ్మిది దాకా కూడిన మొత్తాన్ని, పోయినేడు అదే తేదీదాకా కూడిన మొత్తం పక్కన పెట్టి చూశారు. రెండూళ్లలో సరిపోయింది. పుంగనూరులో మాత్రం నాలుగు వేల రెండు వందల లీటర్లు తక్కువ. నింద మునిరాజ మీద వేసి, కేంద్రం తాళాలు తీసేసుకుని పనిలోంచి ఆపేశారు.

గోపాలస్వామి చెప్పులేసుకున్నాడు.

పుంగనూరు కేంద్రంలో ఆయన క్యాన్ల వంక చూడనే లేదు. మునిరాజను పిలిపించి రోజుకు ఎన్ని లీటర్లొస్తాయని అడిగాడు. పద్నాలుగు వందలన్నాడు. గంగమ్మ జాతర మూడు రోజులూ ఊళ్లో ఎవరూ పాలు పోయరనీ, చుట్టాలకు పెరుగు తోడేసుకుంటారనీ చెప్పాడు.

"జాతర పోయినేడు లేదా?" అన్నాడు అక్కడే ఉన్న బాలాజీ. "కుప్పంలో లేదా? ఆడ తగ్గలేదే."

మునిరాజ తల దించుకున్నాడు.

గోపాలస్వామి గోడకు అతికించిన జాతర కరపత్రం అంచు గోటితో పైకి లేపాడు. పైది ఈ ఏటిది, మార్చి ఇరవై నాలుగు మొదలు. కిందది పోయినేటిది, ఏప్రిల్ ఒకటి మొదలు. ఈయనకిప్పుడు కరపత్రాలెందుకో అసిస్టెంటుకు అర్థం కాలేదు.

తర్వాత అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. రిపోర్టు చేసిన అరుణ్ కుమార్‌ను రెండేళ్ల మొత్తాలూ మార్చి ఇరవై మూడు దాకానే కూడమన్నాడు.

అరుణ్ కుమార్ నొక్కాడు. తేడా పదకొండు లీటర్లు.

"పాలు పోయింది ఆ తర్వాత మూడు రోజుల్లో," అన్నాడు గోపాలస్వామి. " మూడు పద్నాలుగు వందలు ఎంతో మీరే చెప్పండి. జాతర పోయినేడూ ఉంది. కానీ ఏప్రిల్‌లో. మీ లెక్క మార్చి ఇరవై తొమ్మిదికే ఆగింది. ఈ ఏటి మొత్తంలో జాతర ఉంది, పోయినేటి దాంట్లో లేదు. కుప్పం జాతర మేలో, అది ఏ మొత్తంలోనూ లేదు. క్యూబ్‌కు తేదీలు తెలుసు, జాతర తెలియదు."

అరుణ్ కుమార్ తెర మీద పోయినేటి ఏప్రిల్ ఒకటి, రెండు, మూడు తెరిచాడు. మూడు సున్నాలు. దొంగ ఎవరని ఇక ఎవరూ అడగలేదు.

బాలాజీ కేంద్రం తాళాలు బల్ల మీద పెట్టి, "రేపట్నుంచి వచ్చేయి మునిరాజా" అన్నాడు.

మునిరాజ తాళాలు తీసుకున్నాడు.

"రేపటిదాకా యాలప్పా," అన్నాడు. "సాయంత్రం పాలు ఎవురు కొలుస్తారు? ఆవులు ఆగవు గదా."